మా అమ్మాయి తూటాల ఖాతా

నా ఇంటి ఖర్చుల పుస్తకంలో ఈ ఏడాది బియ్యం, పప్పులు, పాల పద్దుల సరసన ‘తూటాలు’ అనే పద్దు చేరింది. 2025 మార్చి నుంచి జూన్ వరకు ఆ పద్దు కింద పన్నుతో కలిపి 423 డాలర్లు రాశాను. అందులో 112 డాలర్లు నా తెలియనితనానికి కట్టిన జరిమానా. అవి ఎలా పోయాయో చెబితే ఇంకో తల్లికో తండ్రికో మిగులుతాయని ఇది రాస్తున్నాను.

మేము అమెరికాలో మినియాపొలిస్ దగ్గర మేపుల్ గ్రోవ్‌లో ఉంటాం. సంక్రాంతి రోజు రాత్రి అరిసె తుంచుకుంటూ, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి “అమ్మా, నేను ట్రాప్ జట్టులో చేరతాను” అంది. ట్రాప్ అంటే ఎలుకల బోను తప్ప మరొకటి తెలియని నేను తల ఊపాను. తుపాకీ అని తెలిసిన తరువాత అరిసె గొంతు దిగలేదు. మిన్నెసోటా బడుల్లో ఇది పెద్ద ఆట అనీ, గాలిలోకి ఎగిరే నారింజ రంగు బిళ్లలను కొట్టడమే తప్ప ప్రాణి జోలికి పోరనీ తను గంటసేపు చెప్పింది. నన్ను ఒప్పించింది మాత్రం వేరే మాట. “బాస్కెట్‌బాల్‌లో రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నాను. ఇందులో బెంచీ ఉండదు. జట్టులో ఉన్న ప్రతి ఒక్కరూ ఆడతారు.” కూతురు అలా అన్నాక ఏ తల్లి కాదంటుంది?

ముందు తుపాకీ భద్రత సర్టిఫికెట్ కావాలి. ఆన్‌లైన్ పాఠాలు పది రోజుల్లో పూర్తి చేసింది. కానీ మైదానంలో జరిగే పరీక్షకు మా చుట్టుపక్కల దొరికిన మొదటి ఖాళీ ఫిబ్రవరి 22. సంక్రాంతి నుంచి లెక్కేస్తే అయిదు వారాలకు పైగా ఎదురుచూపు. జట్టు రుసుము 300 డాలర్లు, అందులో బిళ్లల ఖర్చు ఉంది, తూటాల ఖర్చు లేదు. ఎవరో వాడిన 12 గేజ్ సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఒకటి మా ఆయన దుకాణంలో కొన్నారు. షాట్‌గన్ అంటే ఒక్క తూటాతో వందల చిన్న గుళ్లు చిమ్మే తుపాకీ. ఆ కథ ఇక్కడ వద్దు, ఆ రోజు నేను ఆయనతో మాట్లాడలేదు.

తూటాలు కొనే పని నాకు పడింది. పదిహేనేళ్ల పిల్లకు దుకాణంలో అమ్మరు, షాట్‌గన్ తూటాలకు కొనేవారికి కనీసం పద్దెనిమిదేళ్లు ఉండాలి. మా ఆయన నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు. పైగా ఇంట్లో బేరం తెలిసిన మనిషిని నేనే అని నాకొక గర్వం.

మార్చి 15, శనివారం. కోచ్ ఇచ్చిన కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. గోడ పొడవునా అట్టపెట్టెలు. ప్రతి పెట్టె మీద నాలుగైదు అంకెలు: 12, 2¾, 1⅛, 7½, 1200. ఒకదాని మీద ‘3 డ్రామ్’ అని కూడా ఉంది. మందుల చీటీ చదవగలను గానీ ఇది చదవలేకపోయాను. ఇప్పుడైతే గడగడా చెప్పగలను. 12 అంటే గేజ్, తుపాకీ గొట్టం ఎంత వెడల్పో చెప్పే కొలత. 2¾ అంగుళాలు తూటా పొడవు. 1⅛ అనేది లోపలి సీసపు గుళ్ల మొత్తం బరువు, ఔన్సుల్లో. 7½ అనేది ఒక్కో గుండు సైజు. 1200 అంటే సెకనుకు అన్ని అడుగుల వేగం. డ్రామ్ అనేది నల్లటి తుపాకిమందు వాడిన రోజుల నాటి పాత కొలత, అది ఎంత ఎక్కువ ఉంటే దెబ్బ అంత గట్టిది అని గుర్తుపెట్టుకుంటే చాలు. తికమక పెట్టేది గుండు సైజే. అంకె పెరిగితే గుండు చిన్నదవుతుంది. 17లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వందో వంతుల వ్యాసమో వస్తుంది. 8వ నంబరు అంటే 17 నుంచి 8 పోగా 9, అంటే అంగుళంలో వందకు తొమ్మిది వంతులు. ఈ సూత్రం మా అమ్మాయే నాకు నేర్పింది, మేలో. మార్చిలో తెలిసి ఉంటే బాగుండేది.

ఆ రోజు నేను చేసింది ఏమిటంటే, కందిపప్పు కొన్నట్టు కొన్నాను. ఒక్కో తూటా ఎంతకు పడుతుందో ఫోనులో లెక్కవేసి, అన్నిటికంటే చవకైనది తీసుకున్నాను. వంద తూటాల పెద్ద పెట్టె, 34 డాలర్లు. పెట్టె మీద ఎగిరే పక్షి బొమ్మ. మనవాళ్లు కొట్టే బిళ్లను కూడా ఇక్కడ ‘బర్డ్’ అనే అంటారు కాబట్టి అనుమానం రాలేదు. అది వేట తూటా, 6వ నంబరు గుండు. కోచ్ కాగితంలో రెండో వరుసలోనే ఉంది: గుండు 7½ నుంచి 9 లోపల ఉండాలి, బరువు 1⅛ ఔన్సు దాటకూడదు, ఇంట్లో నింపినవి కాకుండా కంపెనీవే తేవాలి. 6వ నంబరు గుండు పెద్దది, ఎక్కువ దూరం పోతుంది, మైదానం వెనుక వదిలిన ఖాళీ దానికి చాలదు. క్లబ్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

రెండో రోజు వాపసు ఇవ్వడానికి వెళితే కౌంటరు వెనుక బోర్డు చూపించారు. తూటాలు ఒకసారి దుకాణం గడప దాటితే తిరిగి తీసుకోరు. చాలా చోట్ల ఇదే పద్ధతట. చీర మడత విప్పి చూసి వెనక్కి ఇచ్చే అలవాటున్న నాకు అది మొదటి దెబ్బ. ఆ వంద తూటాలు ఇప్పటికీ బేస్‌మెంటులో తాళం వేసిన అల్మరాలో ఉన్నాయి.

ఈసారి కాగితం పక్కన పెట్టుకుని నాలుగు పెట్టెలు కొన్నాను. పెట్టెకు 25 తూటాలు, పెట్టె 10 డాలర్లు. 7½, 1⅛ ఔన్సు, 1200 అడుగులు. నిబంధనల ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. అనుమతించిన వాటిలో అత్యధిక బరువు కాబట్టి ఎక్కువ గుళ్లు, ఎక్కువ గుళ్లంటే ఎక్కువ అవకాశం అని నా తర్కం. అదే ధరకు ఎక్కువ సరుకు! నాలోని గృహిణి మళ్లీ మోసపోయింది.

ఏప్రిల్ 3, గురువారం, మొదటి సాధన. పక్కన ఇంకా మంచు కుప్పలు ఉన్నాయి, గాలి చెవులు కోస్తోంది. బడి ఆవరణలోకి తుపాకీ, తూటాలు రాకూడదు. కారులో మరిచిపోయినా తప్పే. కాబట్టి బడి అయ్యాక తను నేరుగా క్లబ్‌కు వచ్చింది, నేను ఇంటి నుంచి సరంజామా తెచ్చాను. ఈ ఏర్పాటు సీజనంతా సాగింది. ప్రతి గురువారం నాకు ఆఫీసులో రెండు గంటల సెలవు ఖర్చు, దాన్ని ఖాతాలో రాయలేదు.

ఒక రౌండుకు 25 బిళ్లలు. అయిదు స్థానాల్లో నిలబడి ఒక్కోచోట అయిదేసి కొడతారు. తను “పుల్” అనగానే ముందున్న గుంటలాంటి గదిలోంచి బిళ్ల దూసుకొస్తుంది. మొదటి రౌండులో 25కు 9 కొట్టింది. ఆ తొమ్మిదిలో మొదటిది పగిలినప్పుడు నల్లటి పొగలా రాలిపోయింది. పేరుకు మట్టి బిళ్ల గానీ అది సున్నపురాయి పొడి, పిచ్ కలిపి చేసింది. నా చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి. రెండో రౌండులో 5. తూటా తూటాకూ తను భుజం సర్దుకోవడం, తుపాకీ మీద చెంప ఆనించకుండా తల ఎత్తేయడం దూరం నుంచే కనిపించింది. కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆదివారం శ్రీరామనవమి. గుడికి వెళ్లడానికి లంగా ఓణీ వేసుకుంటుంటే జాకెట్టు చెయ్యి పైన చూశాను. కుడి భుజం మీద అరచేయంత మేర వంకాయ రంగు. నాకు కళ్లు తిరిగాయి. “ఎందుకు చెప్పలేదు?” అంటే, “చెబితే మానిపిస్తావు కదా” అంది. కల్యాణం జరుగుతున్నంతసేపూ నా చూపు ఆ ఓణీ కింద భుజం మీదే. సాయంత్రం మా అమ్మ గుంటూరు నుంచి వీడియోలో మాట్లాడుతూ “పిల్ల ఎందుకు ఎడమ చేత్తో తింటోంది?” అని అడిగింది. కుడి చెయ్యి ఎత్తితే నొప్పి. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

మరుసటి గురువారం కోచ్‌తో గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. ఆయన నా మాట పూర్తిగా విని, మా అమ్మాయికి తెలియకుండా ఆమె తుపాకీలో ఒక ఖాళీ తూటా పెట్టి ఇచ్చారు. తను “పుల్” అని మీట నొక్కింది. పేలుడు లేదు, కానీ గొట్టం ముందుకు వంగి, భుజం వెనక్కి ఎగిరి, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. రాని దెబ్బకు శరీరం ముందే ఉలిక్కిపడింది. “ఇది తుపాకీ తప్పు కాదు, మీ పిల్ల తప్పు కాదు. ఈ తూటా ఎవరు ఎంచుకున్నారు?” అని అడిగారు. గొడవ పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆయన చెప్పింది మామూలు లెక్కే. తుపాకీ తన్నడం గుళ్ల బరువుతోనూ వేగంతోనూ పెరుగుతుంది, తుపాకీ బరువుతో తగ్గుతుంది. అంతర్జాతీయ పోటీల్లో, ఒలింపిక్స్‌లో సైతం 24 గ్రాముల గుళ్లే వాడతారు, అంటే సుమారు ⅞ ఔన్సు. మన హైదరాబాదు నుంచి వెళ్లి ట్రాప్‌లో ఒలింపిక్స్ ఆడిన కైనన్ చెనాయ్ వాడినదీ ఆ 24 గ్రాములే. అక్కడ బిళ్లలు ఇంతకంటే ఎంతో వేగంగా పోతాయి. వాళ్లకు చాలినది మా పిల్లకు చాలదా? ఈ విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ వంకాయ రంగు ఉండేది కాదు.

సరే, 24 గ్రాముల తూటాలు. ఇక్కడ ఇంకో ఆశ్చర్యం: సీసం తక్కువ, ధర ఎక్కువ. అడిగేవారు తక్కువ కాబట్టి చవక రకాలు మా వైపు దుకాణాల్లో దొరకలేదు. మూడు పెట్టెలకు 38 డాలర్లు అయింది. భుజానికి హాయిగా ఉంది, పిల్ల ముఖంలో నవ్వు వచ్చింది, కానీ తుపాకీకి నచ్చలేదు. మాది పేలుడు వాయువుతో పనిచేసే సెమీ ఆటోమేటిక్, అంటే ఖాళీ డొప్పను తనంతట తనే బయటికి విసిరే రకం. అంత తేలికపాటి తూటా దాని యంత్రాంగాన్ని పూర్తిగా వెనక్కి నెట్టలేకపోయింది. మూడు నాలుగు తూటాలకోసారి ఖాళీ డొప్ప సగం బయటికి వచ్చి నోట్లో బీడీలా వేలాడేది. ట్రాప్‌లో ఒక్కో తూటాయే పెట్టుకుంటారు కాబట్టి ఆట ఆగదు, చేత్తో లాగేయవచ్చు. కానీ ప్రతిసారీ లాగడంతో తన లయ దెబ్బతినేది, పక్క స్థానాల్లోని పిల్లలు ఎదురుచూసేవారు. తుపాకీ శుభ్రం చేసి నూనె వేస్తే కొంత మెరుగైంది, పూర్తిగా కాలేదు.

ఏప్రిల్ నెలాఖరుకు మాకు అర్థమైన దారి మధ్యలో ఉంది: 1 ఔన్సు, 8వ నంబరు, సెకనుకు 1180 అడుగుల చుట్టుపక్కల వేగం. కానీ ఏ కంపెనీది? ఇక్కడ వించెస్టర్ డబుల్ ఏ, రెమింగ్టన్ ఎస్‌టీఎస్, ఫెడరల్ గోల్డ్ మెడల్ లాంటివి పై తరగతి. వాటి కింద అవే కంపెనీల చవక రకాలు, ఇతర దేశాల నుంచి వచ్చేవి. ఫెడరల్ కర్మాగారం మా ఇంటికి దగ్గరలో అనోకాలోనే ఉంది, 1922 నుంచి. పక్కనే తయారవుతాయి గనుక చవగ్గా వస్తాయేమో అని ఆశపడ్డాను. గుంటూరులో ఉన్నంత మాత్రాన మిరపకాయ ధర తగ్గుతుందా? తగ్గలేదు.

ఈసారి నేను తొందరపడలేదు. మూడు రకాలు ఒక్కో పెట్టె తీసుకున్నాను, అన్నీ కలిపి 31 డాలర్లు. ఏప్రిల్ 27, ఆదివారం ఉదయం క్లబ్‌లో కాగితం మీద కొట్టి చూసే చోటు అడిగి తీసుకున్నాం. మాంసం కొట్టువాళ్లు చుట్టే గోధుమ రంగు కాగితం చుట్ట ఒకటి కొని, ఒక్కో కాగితం పరిచి, 35 గజాల దూరం నుంచి ఒక్కొక్క తూటా పేల్చింది మా అమ్మాయి. తరువాత గుళ్లు దట్టంగా పడినచోట 30 అంగుళాల వలయం గీసి, లోపల ఎన్ని చిల్లులు పడ్డాయో లెక్కపెట్టాలి. 8వ నంబరు గుళ్లు ఔన్సుకు సుమారు 410 ఉంటాయి. ఆ పని నాకు అప్పగించారు. డైనింగ్ టేబులు మీద కాగితం పరుచుకుని, స్కెచ్ పెన్నుతో ఒక్కో చిల్లు చుట్టూ సున్న చుడుతూ కూర్చున్నాను. చిన్నప్పుడు ధనుర్మాసంలో ముగ్గుల చుక్కలు లెక్కపెట్టిన అలవాటు ఇన్నేళ్లకు పనికొచ్చింది. ఒక్కో కాగితానికి ఇరవై నిమిషాలు పట్టింది, తొమ్మిది కాగితాలు చేశాను. మా ఆయన టీ పెట్టి ఇచ్చి, నన్ను కదిలించకుండా వెళ్లిపోయారు.

ఖరీదైన తూటాకు సగటున 283. రెండు చవక రకాలకు 271, 258. ఖరీదైన వాటిలో సీసంలో యాంటిమనీ ఎక్కువ కలిపి గుండు గట్టిపరుస్తారు. గట్టి గుండు గొట్టంలో నలగకుండా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి తిన్నగా పోతుంది. ఆ తేడా నిజమే, నా సున్నల్లో కనిపించింది. కానీ మా అమ్మాయి బిళ్ల తప్పుతున్నది పన్నెండు గుళ్లు తక్కువై కాదు, రెండు అడుగులు వెనక కొట్టడం వల్ల. పెట్టెకు మూడు డాలర్లు ఎక్కువ పెట్టి కొనాల్సిన అవసరం తనకు లేదని ఆ రాత్రి తేల్చాను. మంచి గురి కుదిరి, 27 గజాల వెనుక గీత నుంచి కొట్టే రోజు వస్తే అప్పుడు చూద్దాం.

258 వచ్చిన రకం అన్నిటికంటే చవక. దాన్నే తీసుకునేదాన్ని, దాని డొప్ప ఒకటి గొట్టంలో ఇరుక్కోకపోతే. తూటా అడుగున ఉండే లోహపు భాగం కొన్నింటికి ఇత్తడిది, చవక వాటికి తరచు ఉక్కుది. పేలిన వేడికి రెండూ ఉబ్బుతాయి. ఇత్తడి తిరిగి సర్దుకున్నట్టుగా ఉక్కు సర్దుకోదు, కొన్ని తుపాకుల్లో పట్టేస్తుంది. మూడో స్థానంలో ఉండగా మాది పట్టేసింది. అమ్మాయి కంగారుపడలేదు. గొట్టాన్ని మైదానం వైపే ఉంచి చెయ్యి ఎత్తి నిలబడింది, కోచ్ వచ్చి చూసుకున్నారు. నేనైతే కంచె ఇవతల ఊపిరి బిగబట్టాను. అన్ని ఉక్కు అడుగులూ ఇరుక్కోవు. మా జట్టులో అదే రకాన్ని, గొట్టాన్ని కిందికి వంచి తూటా పెట్టే మడత తుపాకీలో వాడే అబ్బాయికి సీజనంతా ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. మన తుపాకీకి ఏది పడుతుందన్నదే లెక్క. అందుకే ఒక పెట్టె వాడి చూడకుండా పెద్ద మొత్తంలో కొనవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. కొత్త బియ్యమా పాత బియ్యమా అన్నది ఒక గ్లాసు వండి చూశాకే కదా బస్తా తెచ్చుకుంటాం.

271 వచ్చినదే ఖాయమైంది. ఇక కొనడం. దుకాణంలో విడిగా పెట్టె 10 డాలర్లకు పైనే. ఇంటర్నెట్‌లో 250 తూటాల కేసు ధర చూస్తే కళ్లు మెరుస్తాయి, చివరి పేజీలో రవాణా ఖర్చు చూస్తే ఆరిపోతాయి. కేసు బరువు దాదాపు 12 కిలోలు, విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి. మూడుచోట్ల లెక్కవేశాను, అన్నిచోట్లా దుకాణం ధరకే తేలింది. మా జట్టు తల్లిదండ్రులు కలిసి ఒకేసారి పెద్ద ఆర్డరు పెడతారని అప్పటిదాకా నాకు తెలియదు. వాట్సాప్ బృందంలో నేను చేరింది ఆలస్యంగా. ఏప్రిల్ 28న మూడు కేసులకు పేరు రాయించాను, మే 15న వచ్చాయి. కేసు 86, అంటే పెట్టె 8 డాలర్ల 60 సెంట్లు. మధ్యలో రెండున్నర వారాలు మిగిలిపోయిన పాత పెట్టెలతో నెట్టుకొచ్చాం. ఈ ధరలో తయారీదారు ప్రభుత్వానికి కట్టే 11 శాతం ప్రత్యేక పన్ను కలిసే ఉంటుంది. 1937 నాటి చట్టం అది, ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు పోతుందట. తూటా కొంటే లేడికి లాభం అన్నమాట. మా అత్తయ్యకు ఈ సంగతి చెబితే కాస్త మెత్తబడ్డారు.

మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇక్కడే ఒకటి ఉంది. కేసులు తీసుకురావాల్సిన రోజు నాకు ఆఫీసులో మీటింగు. మా వీధిలోని తమ్ముడు వరసయ్యే అబ్బాయి “అక్కా, నా కారులో తెచ్చి పెడతాను” అన్నాడు. అతను హెచ్1బీ వీసా మీద ఉన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి కోచ్‌ను అడిగాను. ఆయన ఒక్కసారిగా “వద్దు” అన్నారు. నాన్ ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు లాంటివి ఉన్నాయి గానీ, ఆ లోతులు వకీలును అడిగి తెలుసుకోవాల్సినవి, పొరుగింటి అక్కను అడిగి కాదు. మాకు గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది కాబట్టి సరిపోయింది. సాయం చేయబోయిన పిల్లవాడి భవిష్యత్తు మూడు అట్టపెట్టెలతో చిక్కుల్లో పడేదని తలచుకుంటే ఆ రోజు అన్నం సహించలేదు. మీటింగు మానేసి నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

తూటాలు వచ్చాక సాధన కుదుటపడింది. ఒకే రకం, ఒకే తన్ను. రెండు వారాల్లో ఉలికిపాటు తగ్గింది. 14, 15, 17 అలా ఎక్కింది. ఒక గురువారం 21 కొట్టి, తుపాకీ స్టాండులో పెట్టి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఏమీ అనకుండా నిలబడింది. నేనూ ఏమీ అనలేదు.

చిన్న చిన్నవి రెండు చెప్పాలి. ఒకసారి జట్టు పిల్లల కోసం పులిహోర చేసుకుని వెళ్లాను. రౌండు అయిపోగానే అందరూ చుట్టూ మూగి చేతులు పెట్టబోతుంటే కోచ్ గావుకేక పెట్టారు. చేతులకు సీసం అంటి ఉంటుంది, సబ్బుతో కడుక్కోకుండా తినకూడదు. చేత్తో తినే మన తిండికి ఇది మరీ ముఖ్యం. అప్పటి నుంచి తను ఇంటికి రాగానే ఆ బట్టలు విడిగా ఉతుకుతున్నాను. రెండోది, జట్టులో ఒక చిన్న పిల్ల మా దానికంటే సన్నటి గొట్టం ఉన్న 20 గేజ్ వాడుతుంది. దాని తూటాలు పసుపు రంగులో ఉంటాయి. అది అందానికి కాదు. పొరపాటున 12 గేజ్ తుపాకీలో వేస్తే గొట్టంలోకి జారి మధ్యలో ఆగిపోతుంది. లోపల ఏమీ లేదనుకుని దాని వెనుక ఇంకో తూటా వేసి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది. ఒకే బల్ల మీద రెండు పెట్టెలూ తెరిచి పెట్టకూడదు. ఒక రోజు మా అమ్మాయి నడుము సంచీలో ఒక పసుపు తూటా కనిపించింది, ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. కోచ్ ఆ రోజు సాధన ఆపించి, అందరి సంచులూ బల్ల మీద కుమ్మరించారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

క్లబ్‌లో పెద్దాయనలు కొందరు ఖాళీ డొప్పలు ఏరుకుని, ఇంట్లో మళ్లీ నింపుకుంటారు. మంచి కంపెనీ డొప్పలకు గిరాకీ. ఒక తాత మా దగ్గరికి వచ్చి మా డొప్ప ఒకటి తీసి తిప్పి చూసి, పెదవి విరిచి, మర్యాదగా నేల మీద పెట్టి వెళ్లిపోయాడు. చవక సరుకు కొన్నానన్న సంగతి అంత నిశ్శబ్దంగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

జూన్ రెండో వారంలో అలెగ్జాండ్రియాలో రాష్ట్ర స్థాయి పోటీ. వేల మంది పిల్లలు, రోజుకు కొన్ని జట్ల చొప్పున. హోటలు గది కోసం నేను మేలో వెతికితే ముప్పై మైళ్ల దూరంలో దొరికింది. వచ్చే ఏడు మార్చిలోనే పట్టుకోవాలి. ఒక్కొక్కరికి 100 బిళ్లలు. నాలుగు పెట్టెలు లెక్కపెట్టి పెట్టుకున్నాను, ఇంకో రెండు అదనంగా తేవాలనుకుని బేస్‌మెంటులోనే వదిలేశాను. అక్కడికి వెళ్లాక భయం పట్టుకుంది: ఒక పెట్టె తడిస్తే? పడిపోతే? అదే రకం రెండు పెట్టెలు ఊళ్లో 22 డాలర్లకు కొన్నాను. వాటి అవసరం రాలేదు. మధ్యాహ్నం గాలి లేచి బిళ్లలు పైకి ఎగరడం మొదలైంది. మొదటి యాభైలో 41, రెండో యాభైలో 35. మొత్తం 76. పతకానికి చాలా దూరం. ఏప్రిల్ 3న 50కు 14 కొట్టిన పిల్లకు అది చాలా దగ్గర. భుజం మీద చిన్న ఎర్రటి గీత తప్ప ఏమీ లేదు, హోటలు గదిలో తనే చూపించింది.

జూలైలో హైదరాబాదు ప్రయాణం. మన విమానాశ్రయాల్లో సంచీలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారని తెలుసు, అలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. అందుకే వారం ముందే అమ్మాయి బ్యాక్‌ప్యాక్ తీసుకుని అన్ని జేబులూ తిరగేశాను. మా ఆయన ఇంకోసారి చూశారు. తను మూడోసారి చూసి “ఏమీ లేదమ్మా, చాదస్తం” అంది. ప్రయాణానికి ముందు రాత్రి నిద్ర పట్టక, లేచి, వంటింటి దీపం కింద ఆ సంచీని తలకిందులు చేసి దులిపాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకునే చిన్న అరలోంచి ఒక ఎర్రటి తూటా దొర్లి నేల మీద పడింది. 1 ఔన్సు, 8వ నంబరు. పేల్చనిది.

దాన్ని అల్మరాలో పెట్టి తాళం వేశాను. సంచీని కూడా అక్కడే వదిలేసి, పొద్దున్నే దారిలో కొత్తది కొన్నాం. 34 డాలర్లు. విమానంలో కూర్చున్నాక ఖాతా పుస్తకం తీసి, ఎక్కడ రాయాలో కాసేపు ఆలోచించి, తూటాల పద్దు కిందే రాశాను.